పదోరోజు దాటాక వచ్చిన పేరు

ధర్మవరంలో నేతగాళ్ల సంఘం యాప్ నడిపేది ప్రమోద. కంప్యూటరు పని ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్న మనిషి. రోజూ పొద్దున ఆరింటికి ఏ మగ్గం మీద ఎవరున్నారో జాబితా అందరి ఫోన్లకూ పోతుంది. అందులో పేరుంటేనే సంఘం పట్టు, జరీ ఇస్తుంది.

ఆ జాబితా దాచేందుకు ధర్మవరం, పెనుకొండ, హిందూపురంలో ఒక్కో కంప్యూటరు. ఒకటి ఆగినా తక్కినవి రాసుకుంటూ పోయే డేటాబేస్‌ను ప్రమోదే ఏరింది. "అది ఎవరి కోసమూ ఆగదు" అని మురిసిపోయేది.

మగ్గం మీద చీర సగంలో ఉండగా నేతగాడు గంగాధరప్ప పోయాడు. ఆ సాయంత్రమే ప్రమోద ఆయన పేరు తుడిపేసింది. కర్మలయ్యాక ఆ మగ్గానికి ఆయన భార్య వెంకటలక్ష్మమ్మ పేరు రాయాలి. సగం చీర తానే ముగిస్తానని ఆమె పట్టు.

పన్నెండోరోజు పొద్దున్నే ఆమె ఫోను.

"పాపా, మీ మామ మగ్గం మీద ఉండాడని జాబితాలో వచ్చింది. పోయి చూస్తి. ఆడ ఎవరూ లేరు."

ప్రమోద ఆమె పేరు రాయబోతే, మగ్గం ఖాళీ లేదంది యాప్. పట్టు ఇచ్చే నాగరాజు నవ్వాడు. "ఆయప్పనే రమ్మను, ఇస్తా." ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

రెండు రోజులు వెతికితే తెలిసింది. తుడిచిన పేరు దగ్గర ఆ డేటాబేస్ 'పోయింది' అని ఒక గుర్తు పెడుతుంది. పది రోజులయ్యాక ఆ గుర్తునూ తీసేస్తుంది. గంగాధరప్ప పోయే ముందురోజే పెనుకొండ కంప్యూటరు రిపేరుకు పోయింది. పది రోజులు దాటాక అది తిరిగొచ్చేసరికి ఆయన పోయిన సంగతి దానికి చెప్పే గుర్తు ఎక్కడా లేదు. 'ఉన్నాడు' అని అదే చెబితే, తక్కిన రెండూ నమ్మి రాసుకున్నాయి.

ప్రమోద డేటాబేస్ మార్చేసింది. కొత్తదాంట్లో ఒక కంప్యూటరే పెద్ద. అది రాసిందే తక్కినవి రాసుకోవాలి. పెద్దది పడిపోతే ఇంకొకటి పెద్దయ్యేదాకా పని కాసేపు ఆగుతుంది.

"ఆగితే ఆగనీ. పోయినోళ్లను పిలవకుంటే చాలు" అంది.

మరుసటి పొద్దున జాబితాలో వెంకటలక్ష్మమ్మ పేరొచ్చింది. ప్రమోదే ఫోను చేసింది.

"చూస్తివా అత్తా? కూచుంటివా?"

"ఇప్పుడే తలుపు తీస్తి పాపా. కూచునే పలక మీద చెయ్యి పెడితిని..."

"ఏమాయ?"

"వెచ్చగా ఉండాది."

ఆమె కూచున్నట్టు ఫోన్లో పలక కిర్రుమంది. దారం మోసే నాడె ఒకసారి అటు, ఒకసారి ఇటు ఆడింది.