రాక్షసబల్లికి కోడికాళ్లు

మా అమ్మాయి కోసం తెప్పించిన బొమ్మల మట్టి డబ్బా మూత తీయగానే గుప్పుమని స్ట్రాబెర్రీ వాసన. మట్టికి స్ట్రాబెర్రీ వాసనేమిటో, మన ఖర్మ! తొంభైల చివర రామచంద్రపురంలో నేను ఏడో తరగతి చదివేటప్పుడు, కాలువ గట్టున గోకి తెచ్చుకున్న నల్ల బంకమట్టికి కుళ్లిన గుర్రపుడెక్క వాసన, వరిగడ్డి కలిపి తొక్కితే కుడితి వాసన, ఎన్నిసార్లు సబ్బుతో కడిగినా అన్నం ముద్దలోకి కూడా వచ్చేసే వాసన ఉండేవి.

ఆ మట్టితోనే సైన్సు ఎగ్జిబిషన్‌కి డైనోసార్ చేశాను. మొదటి బహుమతి వస్తే జిల్లా పోటీలకి కాకినాడ పంపిస్తారు. పెద్దవాళ్లు లేకుండా కాకినాడ వెళ్లాలని నాకు ప్రాణం కొట్టుకుపోయేది. తొలినాటి డైనోసార్లు ఏనుగులంత ఉండేవి కావనీ, చాలావరకు కుక్కంతే ఉండి, పొట్ట కిందే నిటారుగా ఉన్న రెండు కాళ్ల మీద తోక పైకెత్తి పరిగెత్తేవనీ లైబ్రరీ పుస్తకంలో చదివాను. నాదేమో నిలబెట్టిన ప్రతిసారీ ముక్కు మీద పడేది. మా ఇంట్లోనే ఉండే మేనత్త కోళ్లకి నూకలు చల్లుతూ చూసింది.

"కోడికాళ్లు పెట్టావు, బానే ఉంది. ముందు అంత తలకాయుంటే వెనక బరువుండొద్దటే? తోకలో మట్టి కూరు, లేత్తాది."

డైనోసార్ అన్న పేరే వినని మనిషి! కూరాను. నిలబడింది. నేను పెరడంతా గంతులేశాను.

మా సైన్సు మాస్టారు పాఠం చెప్పడమంటే గైడు చూసి నోట్సు చెప్పడమే అనుకునే ఘనుడు.

"ఇదేంటమ్మా, కోడా?"

"డైనోసారండి."

"తెలుగులో ఏమంటారు?"

"రాక్షసబల్లండి."

"మరి బల్లికి కాళ్లెటుంటాయి? పక్కలకి! నాలుగూ పరిచి పెట్టుకురా, ఫస్టు నీదే."

ఎవరో పెట్టిన పేరులోంచి ఎముకలు లాగిన మహాపండితుడు! కాళ్లు పక్కలకి చాపి పాకే బల్లికీ, ఒంటి బరువంతా నిలువుకాళ్ల మీద మోసే ఈ జీవికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. పుస్తకం నా సంచీలోనే ఉంది. తీయలేదు. "ఆయ్, అలాగేనండి" అన్నాను.

సాయంత్రం కాళ్లు విరిచి, నాలుగు చేసి, పక్కలకి అతికించి, ఆకుపచ్చ రంగు కొట్టాను. ఫస్టు నాదే. ఎగ్జిబిషన్ చూడ్డానికి మా అత్త ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. బొమ్మ ముందు వంగి, చాలాసేపు చూసింది.

"నిలబడ్డదాన్ని కూలేశావేంటే?"

పక్కనే మాస్టారు. నా మొహం మండిపోయింది.

"ఇదలాగే ఉంటాది. నీకేం తెలుసత్తా, ఊరుకో" అన్నాను, నలుగురికీ వినబడేలా.

"నిజమేలే, నాకేం తెలుసు" అని కొంగు సర్దుకుని వెనక్కి తిరిగింది.

ఇప్పుడు టీవీలో ఏ చానెల్ పెట్టినా డైనోసార్లు కాళ్లు పొట్ట కింద పెట్టుకునే పరిగెడుతున్నాయి. అత్త పోయింది. కోళ్లగూడు ఉన్నచోట కారు షెడ్డు వేశారు. పాతికేళ్లుగా మాస్టారిని తిట్టుకుంటూనే ఉన్నాను. మా అత్తతో ఆ మాట అన్నది మాత్రం ఆయన కాదు.