కాల్వలో నీళ్లున్న రోజులు

త్రిపురారం దగ్గర కాల్వ వెంట ఉన్న తండాలో నాట్ల ముఠాకు పెద్ద కమలాబాయి. ఆడవాళ్లను వెంటేసుకుని ఎవరి మడిలో దిగినా పొద్దుగూకేలోపు పచ్చగా చేసి గట్టెక్కేది. ఎంత తొందరున్నా, దిగేముందు గట్టు మీద కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకోవడం మాత్రం మానేది కాదు.

ఆ ప్రార్థనలో ఏళ్ల తరబడి ఒకటే పేరు, ఆమె మామ ఫకీరా. కొడుకు పోయాక ఆయనకు కోడలే దిక్కు. అయినా ఆమె ఆదివారం యేసు గుడికి బయలుదేరితే చాలు, మంచంలోంచి నవ్వేవాడు.

"మీ దేవుడు కూలి ఎక్కువిస్తడా ఏందే? వారం వారం ఉరుకుతవ్."

"నీ బుద్ధి మార్సమని అడగనీకి పోతున్న మామా."

"గట్లనా. అయితే ఆలస్యమైతది, సద్ది కట్టుకొని పో."

ఒక చలికాలం ఫకీరాకు ఊపిరాడక మిర్యాలగూడ దవాఖానలో పడుకోబెట్టారు. పాస్టరు ప్రేమ్‌కుమార్ రోజూ వచ్చి పక్కన కూర్చునేవాడు. ఇంటికి వచ్చాక ఒక సాయంత్రం ముసలాయన కోడల్ని పిలిచాడు.

"బిడ్డా, నేను గూడ బాప్తిస్మం తీసుకుంట. మన కాల్వలనే మునుగుత. పోరగాన్ని ఉన్నప్పుడు తట్టలతోని మట్టి మోసిన కాల్వ అది."

కమలాబాయి చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తెల్లారేసరికి మాత్రం నాట్లకు పిలవడానికి రైతులు వాకిట్లో నిలబడి ఉన్నారు.

"నాట్లు ఖతం కానీ మామా. చుట్టాలను పిలుసుకొని మంచిగ చేసుకుందం."

నాట్లు అయ్యాయి, కలుపు వచ్చింది. కలుపు అయ్యాక కోతలు. తర్వాత తన చెక్క పొలంలో పండిన వడ్లు కొనుగోలు కేంద్రంలో పోసి, మబ్బు పట్టినప్పుడల్లా టార్పాలిన్ పట్టా కప్పుతూ కాపలా. "ఈ వారమా?" అని ఆదివారం ఆదివారం అడిగే ఫకీరా మెల్లగా అడగడం మానేశాడు.

వడ్లు అమ్ముడుపోయిన మర్నాడే ఆమె మిర్యాలగూడ పోయి తెల్ల పంచె, తెల్ల చొక్కా తెచ్చింది. ఆదివారం సంఘమంతా పాటలు పాడుకుంటూ కాల్వ దారి పట్టింది. మామ చెయ్యి పట్టుకుని ముందు నడుస్తున్న కమలాబాయి గట్టెక్కి ఆగిపోయింది. కాల్వ అడుగున బురద ఎండి నెర్రెలిచ్చింది. అందులో మేకలు తిరుగుతున్నాయి.

పంట కోతకొస్తే పైన గేట్లు దించేస్తారని ఆ తండాలో పసిపిల్లకైనా తెలుసు. ఆ నీళ్ల మీదే ఆమె పనంతా నడిచింది. పని తీరేసరికి నీళ్లూ తీరిపోతాయన్నది మాత్రం ఆమెకు తట్టలేదు.

"సూర్యాపేట గుడిలో బాప్తిస్మం తొట్టి ఉన్నది. ఎల్లుండి పోదాం," అన్నాడు పాస్టరు.

"తొట్లెనా? కుడితి తాగనొచ్చిన బర్రెనా అయ్యగారూ నేను? నీళ్లు రానియ్యండ్రి," అని నవ్వాడు ఫకీరా. అంతలో కోడలి ముఖం చూశాడు. "పరేషాన్ గాకు బిడ్డా. గిన్నేండ్లు నువ్వు నాకోసం ఆగినవ్. గీ కొన్ని నెలలు నేను ఆగలేనా?"

ఆగలేకపోయాడు. తొలకరి చల్లగాలికి ఊపిరి మళ్లీ బిగుసుకుంది. ఆ తెల్ల బట్టల్లోనే మట్టి చేశారు.

అందరూ వెళ్లాక పాస్టరు ఆమె దగ్గర కూర్చున్నాడు. "యేసు పక్కన సిలువ మీద ఆయన్ని నమ్మిన దొంగకు మునగనీకి నీళ్లు దొరికినయా కమలమ్మా? ప్రభువు వాణ్ని కాదన్నడా?"

"ఆ దొంగ చేతులకు మేకులున్నయి అయ్యగారూ," అంది ఆమె. "దిగొచ్చే దారి లేదు. నా చేతులల్ల నారుకట్టే గద ఉన్నది."



శ్రావణంలో కాల్వకు నీళ్లు వదిలారు. ముఠాలోని మౌనిక వెతుక్కుంటూ వచ్చేసరికి కమలాబాయి కాల్వ మెట్టు మీద కూర్చుని ఉంది. పాదాల మీదుగా ఎర్రనీళ్లు పోతున్నాయి.

"అక్కా, నారు పీకినం. పొద్దెక్కుతున్నది."

"మీరు దిగండ్రి. నేనొస్త."

మౌనిక వెళ్లిపోయింది. కమలాబాయి కళ్లు మూసుకుంది. అలవాటుగా మామ పేరు నోటిదాకా వచ్చి, అక్కడే ఆగింది.