సిత్రా క్యాంపులో వీడ్కోలు భోజనం

2020 వేసవిలో నన్ను గల్ఫ్‌ దేశంలో, సిత్రాలోని ఒక కార్మికుల క్యాంపుకు పంపారు. నేను అంటువ్యాధుల గణాంక నిపుణురాలిని. వ్యాధి ఒకరి నుంచి ఎందరికి సోకుతుందో లెక్కగట్టి, ఎక్కడ అడ్డుకట్ట వేయాలో చెప్పడం నా పని. దానికి ముందుగా సంపర్క పట్టిక వేస్తాం. ఎవరు ఎవరితో ఎంత దగ్గరగా, ఎంతసేపు గడుపుతారన్నది అందులో ఉంటుంది.

గదుల వారీగా వేసిన పట్టికతో లెక్క కుదరలేదు. జగిత్యాల వైపు నుంచి వచ్చినవారు వేర్వేరు గదుల్లో పడుకున్నా, ఒకే పొయ్యి మీద వండుకొని ఒకే చోట తినేవారు. వ్యాధి మంచాల వెంట కాక పొయ్యిల వెంట నడుస్తోంది. క్యాంపు మొత్తం మూసేయాలని పై అధికారి అభిప్రాయం. ఎవరి గుమ్మంలో వారు తింటే చాలునని నా గణిత నమూనా చెప్పింది. ఆయన ఒప్పుకున్నారు గానీ, కొత్తగా ఒక్కరికి సోకినా గేటు మూయిస్తానన్నారు.

ఆ జగిత్యాల వారిలో ఒకడైన గంగారాంకు స్వదేశానికి వెళ్లే ప్రత్యేక విమానంలో సీటు దొరికింది. గేటు మూస్తే అది పోతుంది. తాను ఇక్కడికి వచ్చాక పుట్టిన కూతురిని అతడు తెర మీద తప్ప చూడలేదు. "మా పోరి ఫోన్‌నే నాయిన అనుకుంటది మేడం" అని నవ్వేవాడు.

ఊరికి వెళ్లేవాడిని అందరూ చుట్టూ కూర్చొని తినిపించి పంపడం వారి ఆనవాయితీ. ప్రయాణం ముందురోజు, వంట చేసే రాజమల్లు నన్ను అడిగాడు.

"ఒక్క పూట మేడం. పోయేటోన్ని ఒక్కన్ని కూసోవెట్టి బువ్వ పెడితే ఎట్ల?"

కుదరదన్నాను. వండేటప్పుడు మాస్కు తీయవద్దని కూడా చెప్పాను.

సాయంత్రం అందరి గుమ్మాల్లోనూ కంచాలు పెట్టి రాజమల్లు దూరం జరిగాడు. నాకూ ఒక కంచం పెట్టాడు. గంగారాం మొదటి ముద్ద తిని ఆగిపోయాడు.

"మామా, కూరల ఉప్పు తెలుస్తలేదే!"

రుచి తెలియకపోవడం వ్యాధి లక్షణమని అప్పటికి అందరికీ తెలుసు. పరీక్ష కిట్టు కోసం లేచాను. అంతలో చివరి గుమ్మం నుంచి, "నాకు గూడ తెలుస్తలేదు" అన్నారు ఎవరో. ఆ పక్క నుంచి ఇంకొకరు, "ఏస్తే గద తెలిసేది!"

"మూతిగుడ్డ తియ్యొద్దని మేడమే చెప్పె. రుచి ఎట్ల జూడాలె?" అన్నాడు రాజమల్లు.

ఎంతసేపు నవ్వారో! అతడు ఉప్పు డబ్బా పట్టుకొని గుమ్మం గుమ్మానికీ తిరిగాడు. గంగారాం ముందు ఉప్పు చల్లాక కూడా కాసేపు నిలబడ్డాడు. మిగతావారెవరూ తమ గుమ్మాలు దాటలేదు. మర్నాడు గంగారాం విమానం ఎక్కాడు.

ఉద్యోగ విరమణ తర్వాత కాకినాడలో ఒక్కదాన్నే భోజనానికి కూర్చుంటే, ఆ చప్పటి కూర మీదికి మనసు పోతుంది.

సిత్రా తర్వాత నేను చేసిన నమూనాలన్నింటిలో ప్రయాణానికి ముందటి భోజనాన్ని విడి సంపర్కంగా చేర్చాను. దాన్ని తగ్గించవచ్చని రాశాను. సున్నా చేయవచ్చని ఎక్కడా రాయలేదు.