అల్ ఐన్‌లో దొరికిన నాటు పాట చివరి చరణం

మా అవ్వ గొంతు నా దగ్గర లేదు. మా వైపు, జగిత్యాల పల్లెల్లో, అమ్మను అవ్వ అంటాం. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఆమె పోయింది. పెళ్లి ఫోటోలో మొహం మిగిలింది, గొంతు మాత్రం ఎక్కడా లేదు. నాట్లప్పుడు మడిలో పాట ఎత్తుకునేది ఆమే, మిగతా ఆడవాళ్లు అందుకునేవాళ్లు. ఆ పాటలో రెండు చరణాలు నాకు వచ్చు. పోయినేడు సెలవుకు ఊరెళ్లినప్పుడు మిగతాది కూడా నేర్చుకుందామని ఇంటింటికీ తిరిగాను. మొదటి రెండు చరణాలు అందరూ ఒకేలా పాడారు. చివరి చరణం మాత్రం ఎవరిది వారిదే. ఒకామె పాటలో మొగుడు బొంబాయిలో ఉన్నాడు, ఇంకొకామె పాటలో లారీ నడుపుతున్నాడు. అసలుది మరిచిపోయి తోచింది అతికిస్తున్నారని నాకు చిరాకేసింది. వట్టి చేతులతో దుబాయ్ తిరిగొచ్చాను.

ఈ ఫిబ్రవరిలో మా ఊరి రాజవ్వ పెద్దమ్మ వాట్సాప్‌లో మాట పంపింది. "మీ పెద్దబాపు ఖలాస్ చేసుకొని వస్తుండు బిడ్డా. అప్పట్ల నాట్ల కాడ పాట నింపి క్యాసెట్ పంపిన, అండ్ల మీ అవ్వ పాడింది. గది ఖాళీ చేస్తుండట, చెత్తల ఏస్తడో ఏమో, జర పోయి సూడు." పెద్దబాపు అంటే ఆమె భర్త మల్లయ్య, అల్ ఐన్‌లో ఖర్జూరం తోటలో పనిచేస్తాడు; ఖలాస్ అంటే అక్కడి కొలువు ముగించుకోవడం. ఫోన్ చేయాలంటే జేబు చూసుకోవాల్సిన రోజుల్లో మా ఊళ్లలో క్యాసెట్‌లోనే కబుర్లు చెప్పి, సెలవు మీద వచ్చిపోయే వాళ్ల చేత పంపేవాళ్లు. అలాంటి ఒక క్యాసెట్‌లో మా అవ్వ ఉందని ఇన్నేళ్లూ నాకెవరూ చెప్పలేదు. ఆ వచ్చే ఆదివారమే బయలుదేరాను.

నేనుండేది ఇంటర్నేషనల్ సిటీలో. పొద్దున ఏడున్నరకు బస్సెక్కి రాషిదియా మెట్రోకు, బుర్జుమాన్‌లో గ్రీన్ లైన్ మారి అల్ ఘుబైబాకు చేరాను. అక్కడి నుంచి అల్ ఐన్‌కు ఇ201 బస్సు. టికెట్ ఇరవై ఐదు దిర్హమ్‌లు, నోల్ కార్డు తప్పనిసరి. కార్డులో డబ్బు ముందే వేసుకోండి, నాలాగా బస్సు ఇంజన్ మోగుతుండగా మెషిన్ దగ్గరికి పరుగెత్తకండి. ప్రయాణం సుమారు రెండు గంటలు. దారంతా ఇసుక, మధ్యలో ఒంటెల కంచెలు. ఒళ్లో సంచీ, సంచీలో నైఫ్ బజార్‌లో వెతికి కొన్న పాత టేప్ రికార్డర్. పక్క సీటావిడ దాన్ని బాంబును చూసినట్టు చూసింది.

అల్ ఐన్ బస్టాండ్ నుంచి హీలీ వైపు టాక్సీకి ఇరవై దిర్హమ్‌లయింది. పఠాన్ డ్రైవర్ తోట గేటు దాకా వచ్చి మరీ దింపాడు. అది చెట్లకు పుప్పొడి కట్టే కాలం. పెద్దబాపు నడుముకు తాడు కట్టుకొని చెట్టు మీదున్నాడు. నన్ను చూసి, "వస్తున్న బిడ్డా, ఇదొక్కటైతే ఖలాస్" అని అరిచాడు. అరవై దాటిన మనిషి చెట్టు దిగిన తీరు చూసి, మెట్రో మెట్లకే ఆయాసపడే నేను సిగ్గుపడ్డాను.

గదిలో ఇనుప పెట్టె అప్పటికే మంచం మీద తెరిచి ఉంది. టమాట పచ్చడి, కోడిగుడ్ల పులుసు, అన్నం వండి పెట్టాడు. "తిను ముందుగల" అన్నాడు. తింటున్నంతసేపూ ఆయన నా మొహం చూడలేదు. నేను చేయి కడుక్కొని టేప్ రికార్డర్ బయటపెట్టాక, ఆయన క్యాసెట్ తీసి దోసిట్లో పెట్టుకున్నాడు.

"ఒకటి చెప్పాలె బిడ్డా. ఈ పాట చెరిగిపోయింది."

"చెరిగిపోవుడేంది పెద్దబాపూ?"

"ఆల్లు పంపిన క్యాసెట్ మీన్నే మేం జవాబు నింపి పంపేది. కొత్తది ఏడికెల్లి తెస్తం? కబుర్లున్న దిక్కు నింపుతున్ననుకొని పాట ఉన్న దిక్కు నింపిన. నా మాటంత మీ అవ్వ పాట మీద పడ్డది. పంపితే మీ పెద్దమ్మ సంపుతదని పంపలే. పారెయ్యనీకె కూడ పానం ఒప్పలే."

నాకు కోపం వచ్చింది. ఈ ముక్క ఫోన్లో చెప్తే సరిపోయేది కదా అనిపించింది. టేప్ రికార్డర్ మళ్లీ సంచీలోకి తోసేశాను. ఆయనే ఆపాడు. "జవాబు చిన్నగనే చెప్పిన. ఎన్కకు ఏమన్న మిగిలిందో ఏమో. మల్ల పెట్టి సూసే ధైర్యం కాలే" అన్నాడు.

అప్పుడే పెట్టి చూడబోతే రీళ్లు కదల్లేదు. ఎండకు డబ్బా వంకరపోయింది. మళ్లీ టాక్సీ కట్టుకొని ఇద్దరం సనాయాకు, అంటే అక్కడి వర్క్‌షాపుల పేటకు వెళ్లాం. రెండు దుకాణాల వాళ్లు క్యాసెట్ చూసి నవ్వి పంపేశారు. మూడోది ఒక మలయాళీ పెద్దాయనది. మరలు విప్పి, టేపు కొసను వెలుతురులో పెట్టి చూశాడు. "టేప్ ఠీక్ హై, డబ్బా ఖరాబ్" అని రెండు రీళ్లనూ ఇంకో క్యాసెట్ డబ్బాలోకి మార్చాడు. ఇరవై దిర్హమ్‌లు ఇస్తే పది వెనక్కిచ్చి, తనకూ వినాలని ఉందన్నాడు. నేను ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, టేప్ రికార్డర్ మీట నొక్కాను.

ముందు పెద్దబాపు గొంతు, వయసులో ఉన్నప్పటిది. "నేను మంచిగున్న. మీరందరు మంచిగున్నరా? బర్రె ఈనిందా? బోరు మోటరు బాగు చేపిచ్చిండ్రా? ఈడ ఎండలు మస్తుగున్నయి." ఒక్కో మాట వస్తుంటే దాని కింద అవ్వ చరణం ఒకటి పోయిందని లెక్కపెట్టుకుంటున్నాను. ఇంకా ఎంతసేపయ్యా ఈ బర్రె గొడవ అని అరవాలనిపించింది. పెద్దబాపు తల దించుకొని కూర్చున్నాడు. "ఇగ ఉంట మరి" అనే మాట వచ్చింది, టక్కుమని చప్పుడయింది.

ఆ వెంటనే నీళ్ల చప్పుడు, గాజుల చప్పుడు. తర్వాత మా అవ్వ.

"కోతనాటికి రాకపోతే సెల్లెలా, కొంగు నడుముకు సుట్టుకుంట సెల్లెలా
కొడవలైతే నూరుకోని సెల్లెలా, దుబాయికి నేనె వస్త సెల్లెలా"

ఆడవాళ్లు అందుకోబోయి నవ్వాపుకోలేకపోయారు. ఆ నవ్వుల్లోంచి అవ్వే మళ్లీ అంది, "సాలు, బందు చెయ్యె రాజవ్వా, బ్యాటరీలు దిగుతయి." అంతటితో టేపు ఆగింది.

ముక్కూ మొహం తెలియని వాళ్ల దుకాణంలో స్టూలు మీద కూర్చొని బాగా ఏడ్చాను. అవ్వ గొంతు నేననుకున్నంత సన్నగా లేదు. కాస్త బొంగురు, అచ్చం నాలాగే. మలయాళీ పెద్దాయన మూడు సులేమానీలు, అంటే పాలు లేని చాయ్‌లు, తెప్పించాడు.

అక్కడి నుంచే పెద్దమ్మకు ఫోన్ చేసి అంతా వినిపించాను. అవ్వ పాటకు ఆమె కూడా ఏడ్చింది. కానీ భర్త జవాబు విన్నది కూడా ఇదే మొదటిసారి. "బర్రె ఈనిందా అని ఇప్పుడడుగుతున్నడా? ఆ బర్రె పోయి ఎన్నేండ్లాయె!" అంది. పెద్దబాపు ఫోన్‌కు దూరంగా జరిగాడు. చివరి చరణం ఊళ్లో ఎవరూ ఇలా పాడలేదేమని అడిగితే పెద్దమ్మ నన్నే కోప్పడింది. "ఎట్ల పాడుతరే? ఆనాడు మడిల ఎవల మొగడు ఊళ్లె లేకుంటే ఆమె మీద కట్టుతరు ఆకరిది. గా పొద్దు నా వంతు. మీ పెద్దబాపును ఎక్కిరిచ్చుకుంట కట్టింది మీ అవ్వ."

ఊళ్లో ఆడవాళ్లెవరూ ఏమీ మరిచిపోలేదన్నమాట. ఎవరి మీద కట్టిన చరణం వాళ్లు జాగ్రత్తగా దాచుకున్నారు. అసలుది ఒకటి ఉంటుందని నేనే అనుకొని వాళ్ల మీద చిరాకుపడ్డాను. సాయంత్రం బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ఆ నాలుగు ముక్కలే వింటూ వచ్చాను. నాకు వచ్చిన రెండు చరణాలు ఆ జవాబు కింద పోయాయి, రానిదే మిగిలింది. దుబాయికి నేనే వస్తానని అవ్వ నవ్వులాటకు అంది. ఆమెకు పాస్‌పోర్టు కూడా లేదు. కానీ ఆ రాత్రి ఇంటర్నేషనల్ సిటీలో, నా వంటింట్లో, గిన్నెలు కడుగుతూ ఫోన్‌లో పాట పెట్టాను. అన్న మాట ప్రకారం అవ్వ వచ్చింది.

మీకూ ఎక్కడైనా ఇలాంటి పాత క్యాసెట్ దొరికితే ఒక్క పని చేయండి. దాని వీపున రెండు మూలలా చిన్న ప్లాస్టిక్ పలుకులుంటాయి. పాట వినడానికి ముందే ఆ రెండూ విరిచేయండి. ఇక దాని మీద కొత్తగా ఏదీ రికార్డు కాదు, ఎవరి జవాబూ పడదు.