నోరు విప్పని దొంగ

నా చిన్నప్పుడు రేడియో అంటే నాకు దేవుడి తర్వాత దేవుడు. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే ఒళ్లు మండుతుంది కానీ, అప్పటి సంగతి అదే. మా పద్మారావు నగర్ గల్లీలో రేడియో ఉన్నది ఒక్క టీచరమ్మ ఇంట్లోనే. ఆమె మా పక్కిల్లు. కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవుల కుటుంబం, సికింద్రాబాద్‌లో మా బడిలోనే పాఠాలు చెప్పేది. ఆదివారం పొద్దున వాళ్లు చర్చికి వెళ్లి వచ్చేవారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె రేడియో మీద కప్పిన పూలగుడ్డ తీసి మీట తిప్పేది. పెట్టె వేడెక్కి మాట వచ్చేదాకా గల్లీ పిల్లలమంతా ఆ వరండాలో ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లం.

అప్పట్లో సర్కారు రేడియో తప్ప వేరే దిక్కు లేదు. ఢిల్లీ వార్తలైనా, పాటలైనా, పిల్లల కార్యక్రమమైనా అందులోనే రావాలి. అందులో ఎవరు మాట్లాడినా పుస్తకం చదివినట్టే ఉండేది. సాయంత్రం పొలం పనుల కార్యక్రమంలో మాత్రం అప్పుడప్పుడు మా మాట వినిపించేది. ఎరువు ఎంత వేయాలో తెలియక అడిగేవాడు మాలాగా మాట్లాడేవాడు, తెలిసి జవాబు చెప్పేవాడు టీచరమ్మలాగా మాట్లాడేవాడు. చిన్నపిల్లని కదా, అందులో నాకు తప్పేమీ కనిపించలేదు.

మా నాయనమ్మకు రేడియో మీద అంత మోజు లేదు. బజారులో పిండి గిర్నీ ఉన్నా, ఊరి నుంచి వచ్చిన జొన్నలు ఇంట్లో విసుర్రాయి మీద విసిరితేనే రొట్టె రుచి అని ఆమె పట్టుదల. విసురుతూ కథలు చెప్పేది. వాటిలో ఒక కథంటే నాకు ప్రాణం. అందరూ చేన్లకు పోయిన మిట్టమధ్యాహ్నం ఒక ముసలమ్మ ఇంట్లోకి దొంగ దూరతాడు. ముసలమ్మకు చూపు ఆనదు. అడుగుల చప్పుడు విని, "ఇంతసేపు ఏడ తిరుగుతున్నవ్‌రా మనవడా, రా, జొన్నలు విసురు" అని గదమాయిస్తుంది. నోరు తెరిస్తే గొంతును బట్టి మనవడు కాదని ముసలమ్మకు తెలిసిపోతుంది కనుక, దొంగ కిక్కురుమనకుండా రాయి ముందు కూర్చుంటాడు. చేతులు బొబ్బలెక్కుతున్నా మాట్లాడడు. గంపెడు జొన్నలూ పిండి అయ్యాక ముసలమ్మ వేడివేడి రొట్టె చేసి అతని చేతిలో పెట్టి, "నా మనవడు ఊర్లనే లేడు బిడ్డా. నువ్వెవనివో గాని మంచిగ విసిరినవ్. తిని పో" అంటుంది. దొంగ విసిరే చోటికి వచ్చేసరికి నాయనమ్మ మాట ఆపేసేది. రాయి ఒక్కటే గరగరా తిరిగేది. నేను ఆ చప్పుడు వింటూ దొంగ ముఖం ఊహించుకుని పడీపడీ నవ్వేదాన్ని.

బడిలో ఒకరోజు నేను ఈ కథ చెబితే టీచరమ్మ నవ్వాపుకోలేకపోయింది. పిల్లల కార్యక్రమం నడిపే ఆమె తనకు తెలుసని, నా చేత ఈ కథ రేడియోలో చెప్పిస్తానని మా అమ్మతో అంది. ఇంట్లో పండగే అయింది. అంతదాకా రేడియో ఊసెత్తని నాయనమ్మ కూడా గల్లీ అంతా తిరిగి, "ఐతారం మా పిల్ల రేడియోల మాట్లాడుతది, ఇనుర్రి" అని చాటింపు వేసింది. తన తల్లి దగ్గర తాను విన్న కథ అది. దాన్ని తన మనవరాలు రాష్ట్రమంతటికీ చెప్పబోతోంది. ఆమె ముఖంలో అంత సంతోషం నేను అంతకు ముందు చూడలేదు.

ఆ ఆదివారం టీచరమ్మ చర్చి నుంచి రాగానే నన్ను బస్సెక్కించి, ట్యాంక్‌బండ్ మీదుగా రేడియో స్టేషన్‌కు తీసుకుపోయింది. మందపాటి తలుపులు, కాళ్లకింద మెత్తటి తివాచీ, గోడ మీద ఎర్ర దీపం. ఆ దీపం వెలిగితే తుమ్మినా రాష్ట్రమంతా వినబడుతుందన్నారు. అప్పుడు పిల్లల కార్యక్రమం ముందే రికార్డు చేసిపెట్టేవారు కాదు, అప్పటికప్పుడు ప్రసారమైపోయేది.

కార్యక్రమం నడిపే ఆమె ముందొకసారి నా చేత కథ చెప్పించుకుంది. విని, నాతో కాదు, టీచరమ్మతో అంది: "కథ చాలా బావుందండీ. కానీ ఈ పాప యాస... రాష్ట్రం మొత్తం వింటుంది కదా, మంచి తెలుగులో ఉండాలి. కథ వేరే అమ్మాయి చెబుతుంది, ఈ పాపకు దొంగ మాట ఇద్దాం." టీచరమ్మ, "ఆ పిల్ల కథ ఆ పిల్ల చెబితేనే బాగుంటుందండీ" అని ఒకసారి అని ఊరుకుంది. నాకు భయమేసినా ఉండబట్టలేక, "దొంగ మాట్లాడడు మేడం, రాయి తిప్పుతడు" అన్నాను. ఆమె నవ్వి నా తల నిమిరింది. "మాట్లాడకపోతే రేడియోలో వాడున్నాడని ఎవరికి తెలుస్తుంది పాపా?" అంది. ఎంత బుద్ధిమంతుల మాట! ఆ చల్లటి గదిలో కొబ్బరిచిప్పలతో గుర్రాలను పరుగెత్తిస్తారు, గోళెంలో నీళ్లు కదిపి వాన కురిపిస్తారు. ఒక రాయి చప్పుడు చేయడానికి మాత్రం వాళ్లకు బుర్ర పనిచేయలేదు.

ఎర్ర దీపం వెలిగింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, మా నాయనమ్మ కథ వేరే అమ్మాయి నోటికి పోయింది. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు, చెప్పింది చెప్పినట్టు చక్కగా చదివింది. మా ముసలమ్మ ఆ నోట, "ఇంత ఆలస్యమైందేమి నాయనా" అంది. తర్వాత నన్ను మైకు ముందుకు నెట్టారు. నేను, దొంగగా వాళ్లు చెప్పమన్నట్టు, "అవ్వా, జెర నీళ్లియ్యవే, గొంతెండుతున్నది" అన్నాను. వెంటనే కార్యక్రమం నడిపే ఆమె మిగతా పిల్లల వైపు తిరిగి, నవ్వమని చెయ్యి ఊపింది. అందరూ గొల్లున నవ్వారు. నాకు తల తీసేసినట్టయింది.

ఇంటి దగ్గర జరిగింది మా అమ్మ తర్వాత చెప్పింది. టీచరమ్మ వరండా కిటకిటలాడుతోందట. కథ వేరే గొంతుతో మొదలైతే నాయనమ్మ పంటిబిగువున ఓర్చుకుందట. దొంగ నోరు తెరిచేసరికి రేడియోలోని పిల్లలతో పాటు వరండా కూడా నవ్వింది. అంతే, ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. జన్మలో రేడియో ముట్టని మనిషి లేచి చేతికందిన మీట తిప్పింది. పెట్టె కీచుమని అరిచింది. ఇంకో మీట తిప్పింది. ఆగిపోయింది. టీచరమ్మ భర్త ఏదో అనబోతే, "మీ డబ్బ మీకే ఉండనీ అయ్యా. నా కథ ఇంక కాలె. పిల్ల వచ్చేదాంక ఎవ్వరు లేవద్దు" అని గుమ్మానికి అడ్డంగా కూర్చుందట.

మేం తిరిగి వచ్చేసరికి కొందరు గొణుక్కుంటూ వెళ్లిపోయారు, చాలామంది ఉన్నారు. స్టేషన్‌లో నా చేతిలో పెట్టిన బిస్కెట్ల పొట్లం నలిగి పిండైంది. వాళ్లందర్నీ చూసి నేను మా ఇంట్లోకి పారిపోబోతే నాయనమ్మ రెక్క పట్టుకుని ఆపింది. ఓదారుస్తుందనుకున్నాను. ఓదార్చలేదు.

"కథల ఆ దొంగ నోరు తెరిస్తె ముసల్దానికి ఎర్కకాదా? ఇగ కథేడున్నది?" అని టీచరమ్మను నిలదీసింది. "మంచిది మాట్లాడితే మీ మాట, దొంగోడు మాట్లాడితే మా మాట. గిదేం న్యాయం టీచరమ్మా? మీరంత సదువుకున్నోళ్లు గదా, చెప్పు."

టీచరమ్మ ముఖం పాలిపోయింది. మాట దాటవేయలేదు. "నేను ఇంకా గట్టిగా అడగాల్సింది మామ్మగారూ" అంది.

"అడగాల్సుండె. అడగకపోతివి. ఇప్పుడు కూసొని ఇను" అంది నాయనమ్మ.

మా ఇంట్లోంచి విసుర్రాయి తెప్పించి రేడియో బల్ల ముందే వేయించింది. చాటలో జొన్నలు పెట్టుకుని కూర్చుంది. నన్ను కుర్చీ ఎక్కించి, "చెప్పు బిడ్డా, మొదటికెల్లి షురూ చెయ్యి" అంది. నాకు ఏడుపొచ్చింది. "ఏడిస్తె ఎవలింటరు? చెప్పు" అని కసిరింది. ఆ కసురుకే నాకూ కోపం వచ్చింది. ఆ కోపంతోనే మొదలుపెట్టాను. మా ముసలమ్మ మా మాటే మాట్లాడింది. దొంగ దగ్గరికి వచ్చేసరికి నేను నోరు మూసుకున్నాను. నాయనమ్మ రాయి తిప్పింది. గరగరా, గరగరా. ఇందాక నవ్విన వాళ్లు మెడలు చాచి రాయి వైపు చూశారు. ఆమె ఇంకా తిప్పింది. చేయి మార్చి మళ్లీ తిప్పింది. అప్పుడు టీచరమ్మ పెదాల మీద నవ్వు కదిలింది, తర్వాత పిల్లలు ఒక్కొక్కరే నవ్వారు. నన్ను చూసి కాదు, దొంగను చూసి. దొంగ కనబడుతున్నాడు మరి, మాట్లాడకపోయినా.

రేడియో వాళ్లకు ఈ సంగతి తెలియదు. తెలిసినా మారేవారు కాదు. తర్వాత టీవీ వచ్చింది, ఇంకేవేవో వచ్చాయి. మా మాట చాలాకాలం దొంగ నోట్లో, తాగుబోతు నోట్లో, ఇంటి పనిమనిషి నోట్లో ఉండిపోయింది. బడి నాకు నేర్పిన పుస్తకాల తెలుగులోనే నేనిది రాస్తున్నాను, అందుకు కూడా నాకు కోపమే. ఈ కోపం తగ్గించుకో, వయసు మీద పడింది అంటారు పిల్లలు. తగ్గించుకోను. ఇది మా నాయనమ్మ ఇచ్చిన ఆస్తి.

మీట తిప్పడం ఆ రోజే నేర్చుకున్నాను. ఎంత పెద్దవాళ్ల పెట్టె అయినా, మన కథ పాడుచేస్తుంటే లేచి ఆపేయవచ్చు. ఆపేస్తే మాత్రం చాలదు, ఆ మిగతా కథ మనం చెప్పాలి. మా మనవలకు నేనీ కథ ఎన్నిసార్లు చెప్పానో. ఆ విసుర్రాయి ఇంకా మా ఇంట్లోనే ఉంది, జొన్నలు మాత్రం కొనుక్కొస్తాం. కథలో ఆ చోటు వచ్చినప్పుడు పిల్లలు, "ఏమన్నడు నాయనమ్మా, దొంగ ఏమన్నడు?" అని అడుగుతారు. నేను జవాబు చెప్పను, రాయి తిప్పుతాను. మా ఇంట్లో దొంగ ఇప్పటికీ నోరు విప్పడు.