తల పట్టుకునే ఆయా

నేను పనిచేసే పళ్ళ ఆసుపత్రిలో మా ఆయా పని పిల్లల తల పట్టుకోవడం. డాక్టరు గారు పన్ను పీకినంతసేపూ ఆ తల కదలకూడదు. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. "పాలపళ్ళేగా, ఎలాగూ ఊడేవే" అనే తల్లుల మీద ఒంటికాలి మీద లేచేది.

ఇంట్లో ఆరేళ్ళ మనవరాలిని దారిలో పెట్టడానికి మాత్రం ఆవిడకు తెలిసింది ఒకే మాట: "తోముకోకపోతే మా డాక్టరు చేత అన్నీ పీకించేస్తా." పిల్ల భయపడి రోజూ తనే తోముకునేది. ఆరేళ్ళ చేతికి వెనక పళ్ళు అందుతాయా? నోరు చూపించమంటే మూతి బిగించేది. దవడ పన్ను సలుపుతున్నా కిక్కురుమనకుండా నెలల తరబడి ఒక పక్కనే నమిలింది. బుగ్గ వాచి కన్ను మూసుకుపోయాక గానీ సంగతి బయటపడలేదు.

నిన్న ఆ పిల్లను కుర్చీలో కూర్చోబెట్టారు. "అక్కా, నువ్వు బయటికెళ్ళు, నేను పట్టుకుంటాలే" అన్నాను. ఆయా వినలేదు.

పిల్ల ఏడవలేదు. "రోజూ తోముకున్నాను కదా అమ్మమ్మా, అయినా అన్నీ పీకించేస్తావా?" అని మాత్రం అడిగి, భయంతో కొయ్యబారిపోయింది.

ఇరవై ఏళ్ళలో మొదటిసారి, ఆయాకు తల పట్టుకోవలసిన అవసరమే రాలేదు.