వెంట్రుకంత సాగిన ఇత్తడి

అమెరికాలో, మోంటానాలోని మా ఊరి స్కూలు బస్సు నడిపే ఆర్డిస్ ట్వీట్ ఇరవై ఆరేళ్లుగా కొట్లో కొన్న తూటా కాల్చలేదు. తన రైఫిల్‌కీ, తమ్ముడు లైల్ రైఫిల్‌కీ గ్యారేజీలో బల్ల ముందు కూర్చుని తూటాలు తనే తయారుచేస్తుంది. రెండూ ఒకే రకం, వాళ్ల నాన్న జంటగా కొన్నవి. కాల్చిన ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి, మళ్లీ మందు పోసి, కొత్త బుల్లెట్ బిగిస్తుంది. కాల్చిన ప్రతిసారీ గొట్టం మూతి కాస్త సాగుతుంది. సాగినంతా కోసెయ్యాలి. కోసే ఆ చిన్న మర తిప్పడం ఆవిడకి పరమ విసుగు. అయినా ఏ ఏడూ మానలేదు.

ఈ సెప్టెంబరులో కోయడం మానింది. మణికట్టు విరిగి కట్టులో ఉంది, మర తిరగదు. ఈ ఒక్కసారికీ ఏం కాదులే అనుకుంది. నలభై చేసి, ఇరవై లైల్‌కిచ్చింది.

అక్టోబరు చివరికి ఆవిడ కట్టు విప్పేశారు. ఎల్క్ దుప్పుల వేట మొదలైన శనివారం లైల్ చీకటితోనే కొండెక్కాడు. ఆర్డిస్ వంతు ఆదివారం. ఆ శనివారమే పది గంటలకి ఇంటి వెనక కాగితం గురి మీద ఒకటి కాల్చి చూసుకుంది. భుజానికి దెబ్బ మామూలుకంటే గట్టిగా తగిలింది. గొట్టాన్ని బయటికి లాగే బోల్ట్ లేవలేదు. అరచేత్తో కొడితే గానీ రాలేదు. బయటపడ్డ గొట్టం అడుగున, మందుని అంటించే చిన్న టోపీ అప్పడంలా అణిగిపోయి ఉంది.

మందు ఎక్కువైందా? ఇంకో తూటా విప్పి తూచింది. సరిగ్గానే ఉంది. మందు డబ్బా ఎప్పుడూ వాడేదే, బుల్లెట్లూ ఎప్పటివే. ఇందాక కాల్చిన గొట్టంలోకి ఒక బుల్లెట్ జారవిడిచింది. వదులుగా జారిపోవాల్సింది, మూతి దగ్గరే ఆగిపోయింది. కొలిచి చూస్తే వెంట్రుకంత పొడవెక్కువ. ఆ పొడవుకి రైఫిల్లో చోటు లేక మూతి నొక్కుకుపోయి బుల్లెట్‌ని పట్టేస్తోంది. ఒత్తిడికి దారి లేదు. ఈసారి బోల్ట్ ఆపిందని మరోసారి ఆపుతుందని ఏముంది? ఆపకపోతే రైఫిల్ మొహం మీదే పేలుతుంది.

కొండ మీద ఫోన్ అందదని తెలిసీ చేసి, మెసేజ్ పెట్టింది.

"లైల్, నేనిచ్చినవి కాల్చకు. నీ మొహం ఎలాగూ అంతంత మాత్రం. ఉన్నదైనా మిగుల్చుకో."

అరవై రెండేళ్ల మనిషి మోకాలి లోతు మంచులో రెండు మైళ్లు ఎక్కింది. పది అడుగులకోసారి ఆగి చెవులు రిక్కించింది. పేలిన చప్పుడు లేదు. ఇంకా లేదు.

ఊట దగ్గర లైల్ వీపు కనిపించింది. రైఫిల్ భుజానికెత్తి ఉన్నాడు. అవతలి గట్టున పెద్ద కొమ్ముల ఎల్క్. మా వైపు ఒకరి వేట చెడగొట్టినవాళ్లతో ఏళ్ల తరబడి మాట్లాడరు. ఆవిడ పిలిచింది. ఆయాసానికి గొంతు పెగల్లేదు, పెగిలినా రంపపు మిల్లు చప్పుడుకి సగం చెవుడొచ్చిన మనిషికి అంత దూరం వినబడదు. జేబులో బస్సు ఈల ఉంది. ఉన్న ఊపిరంతా దాన్లోకి ఊదింది.

లైల్ కదల్లేదు. ఎల్క్ కదిలింది. ఒక్క గెంతులో చెట్లలోకి పోయింది.

అతను రైఫిల్ దించి వెనక్కి తిరిగాడు.

"చలికాలమంతా తినే కూర పోయిందక్కా."

"తూటాలు ఇలా ఇవ్వు. అన్నీ."

మంచులో కూలబడి ఒళ్లో పోసుకుని లెక్కపెట్టింది. పంతొమ్మిది. మళ్లీ లెక్కపెట్టింది.

"ఒకటేదిరా?"

"గురి చూసుకోడానికి నిన్న కాల్చా. బోల్ట్ బిగుసుకుపోతే రాయితో కొట్టి తీశా. చలికేమో అనుకున్నా."

"నాకు చెప్పొద్దా?"

"నువ్వు చేసినవి కదక్కా," అన్నాడు లైల్. "తప్పు రైఫిల్‌దే అనుకున్నా."